కొండ కనిపించే వారం

ఫిబ్రవరి 3

సూదీ,

నీ ఆఫీసులో నిన్ను అందరూ మేడమ్ అంటారని మీ బావ చెప్పారు. నాకు మాత్రం నువ్వు సూదివే. చిన్నప్పుడు ఎంత సన్నగా ఉండేదానివో అంతగా గుచ్చేదానివి, పేరు ఊరికే రాలేదు.

ఈ ఉత్తరం ఎందుకంటే, మా షాపు నేలంతా పగలగొట్టి కొత్త బండలు పరుస్తారట. ఏప్రిల్లో పన్నెండు రోజులు మూత. ముప్పై ఏళ్ళుగా కోట్లు కత్తిరిస్తున్నాను, వరసగా పన్నెండు రోజులు కత్తెర కింద పెట్టిన పాపాన పోలేదు. ఓనరు ఈ కబురు చెప్పగానే మిషన్ల మీదున్న వాళ్ళందరూ గోల గోల చేశారు. నాకేమో అన్ని రోజులు ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచలేదు. మధ్యాహ్నం మీ బావకి క్యారేజీ ఇవ్వడానికి బస్టాండుకి వెళ్ళినప్పుడు ఆ మాటే అన్నాను. ఆయన మూత తీసి కూరేంటో చూసుకుంటూ, మీ చెల్లెలి ఊరు వెళ్దాం అన్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ బుకింగ్ కిటికీ వెనక కూర్చుని ఊళ్ళో సగం మందిని మీ కొండ మీదికి పంపించిన మనిషి, తను మాత్రం ఒక్కసారీ ఆ బస్సు మెట్టెక్కలేదు. టిక్కెట్లు కొనేవాళ్ళు చెప్పుకునే మాటలు విని విని అక్కడేం ఉన్నాయో ఆయనకి కంఠతా వచ్చేశాయి. సరస్సులో పడవలు, పూలతోట, గడియారం స్తంభం, వ్యూపాయింటు నుంచి మంచుకొండ. ఆ మంచుకొండ ముందు నిలబడి ఫొటో తీయించుకోవాలట. నాకంత ఆశేం లేదు, ఆయన సరదా పడుతున్నారని.

ఎన్ని రోజులుండాలో, ఏది ముందు చూడాలో వివరంగా రాయి. ఫోన్ చెయ్యకు. నీ గొంతు వినగానే నేను చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయి, వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేస్తాను. నిన్ను చూసి ఎనిమిదేళ్ళయింది, ఎనిమిదేళ్ళుగా అదే ప్రశ్న.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

నీ ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. థర్మామీటర్ల పెట్టె తలుపు తీసి పెట్టుకుని, అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. లోపలి థర్మామీటరు నా ఊపిరి తగిలి అర డిగ్రీ పెరిగింది. కాసేపు దూరంగా వెళ్ళి నిలబడి, మళ్ళీ వచ్చి రీడింగు తీశాను.

బావగారు విన్నవన్నీ నిజమే. మొదటి రోజు ఎక్కడికీ వద్దు, ఈ ఎత్తుకి కింద నుంచి వచ్చినవాళ్ళకి తల తిరుగుతుంది. రెండో రోజు సరస్సు. మూడో రోజు తోట, గడియారం స్తంభం. నాలుగో రోజు పొద్దున్నే వ్యూపాయింటు. నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.

కానీ ఏప్రిల్ వద్దక్కా. ఆ నెలలో మైదానం నుంచి దుమ్ము లేచి కొండకి అడ్డం వస్తుంది. ఈ వాతావరణ కేంద్రంలో పదకొండేళ్ళ రిజిస్టర్లున్నాయి, నాకంటే ముందు నుంచీ. అన్నీ తిరగేశాను. ఏప్రిల్ మొత్తంలో మంచుకొండ కనిపించేది సగటున నాలుగు రోజులు. అంత దూరం వచ్చి తెల్లగోడ చూసి వెళ్తే ఏం బాగుంటుంది? అక్టోబరు రెండో వారం రండి. ఏడు రోజుల్లో ఆరు రోజులు కొండ కళ్ళకి కట్టినట్టుంటుంది. మా పెద్దాయన కూడా అదే అన్నాడు. నాకు ముందు ఈ పని చేసి రిటైరయ్యాడులే. ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి, నేను మబ్బులు లెక్కపెట్టడం తప్పని వాదిస్తాడు. ఆయన నాతో ఒప్పుకున్న మొదటి సంగతి ఇదే.

నువ్వు వస్తానన్నావు. ఉత్తరం మడత పెట్టి జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

సూది


మార్చి 2

సూదీ,

మీ బావకి నీ ఉత్తరం చదివి వినిపిస్తూ "ఏప్రిల్ వద్దు" అన్న చోట దాటేద్దామనుకున్నాను. కుదరలేదు. ఆయన అప్పటికే సంచీలో ఏమేం సర్దాలో కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు మడిచి క్యాలెండరు వెనక పెట్టారు, అక్టోబరు దగ్గర.

అక్టోబరంటే మాకు చలికోట్ల గిరాకీ. ఆ నెలలో సెలవు అడిగినవాళ్ళు మా షాపులో లేరు. నేను అడిగాను. ఓనరు నా మొహం చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అన్నాడు. లేదు, ఆ వారం కొండ బాగా కనిపిస్తుందట అని చెప్పాను. నాలో ఇలాంటి సరదా ఉందని ముప్పై ఏళ్ళలో తెలియదన్నాడు. ఐదు రోజులిచ్చాడు.

బూడిదరంగు ఉన్నిగుడ్డ మంచిది వస్తే నీకోసం పక్కన పెట్టించాను. కోటు కుడతాను. నీ పాత కొలతలు నా దగ్గరున్నాయి: ఛాతీ ముప్పై మూడు, భుజం పద్నాలుగు, చేతి పొడవు ఇరవై ఒకటి. నువ్వు ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు తీసినవి. ఐదేళ్ళు రాని మనిషి పేజీ కొలతల పుస్తకంలోంచి చింపేస్తాం. నీది చింపలేదు. కొత్త కొలతలు తీసి పంపు.

అక్క


మే 9

అక్కా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఈ ఏప్రిల్లో దుమ్ము లేవలేదు. కొండ తొమ్మిది రోజులు కనిపించింది, అందులో చాలామటుకు మీ షాపు మూసిన రోజులే. పదకొండేళ్ళ లెక్క ఈ ఒక్క ఏడు తప్పాలా? పెద్దాయన రోజూ వచ్చి కొండ వంకా నా వంకా చూసి వెళ్ళిపోయేవాడు.

మీరొస్తే ఎక్కడ పడుకోబెట్టాలా అని ఆలోచిస్తున్నాను. నాకున్నవి రెండు గదులు. ముందు గదిలో బల్ల, రిజిస్టర్లు. వెనక గదిలో మంచం, స్టవ్వు, బట్టలు ఎప్పటికీ ఆరని ఒక తాడు. తలుపు పక్కన మేకుకి అమ్మ మిషను సొరుగులో ఉండే పసుపు టేపు వేలాడుతుంది. నేను వచ్చేటప్పుడు నువ్వే నా పెట్టెలో పెట్టావు. దాని కొసకి ఆఫీసు తాళాల గుత్తి కట్టాను. అంత ఇనుము ఇంకెక్కడ పెట్టినా మర్చిపోతాను. వానలో తడిసి వచ్చి ముందు దాన్నే ముట్టుకుంటాను. ఇంట్లోకి రాగానే అమ్మని పలకరించినట్టుంటుంది.

నా పనేంటని అడిగావు ఎప్పుడో. చూపు ఎంత దూరం ఆనుతుందో రాయడం అందులో ఒకటి. గేటు స్తంభం ఇరవై మీటర్లు, నీళ్ళట్యాంకు రెండు వందలు, గడియారం స్తంభం కిలోమీటరు, మంచుకొండ నలభై కిలోమీటర్లు. దేనిదాకా కనిపిస్తే ఆ దూరం రిజిస్టరులో రాస్తాను.

ఇంకో మాట. పోయినేడు అక్టోబరు రెండో వారంలో మూడు రోజులు మబ్బు కమ్మింది. నవంబరైతే ఖాయంగా కనిపిస్తుంది. బావగారిని అడిగి చూడు.

సూది


మే 24

సూదీ,

తొమ్మిది రోజులు కనిపించిందా? ఆ పన్నెండు రోజులూ నేను ఇంట్లో కూర్చుని పాత గుండీలన్నీ రంగుల వారీగా సీసాల్లో పోశాను. అయ్యాక మళ్ళీ కుమ్మరించి సైజుల వారీగా పోశాను.

ఇప్పుడు నవంబరంటున్నావు. నవంబరొస్తే మార్చి అంటావు. నీ రిజిస్టరులో మాకు మంచిరోజు లేదు. రావద్దని చెప్పడానికి అన్ని లెక్కలు అక్కర్లేదు.

అమ్మ పోయినప్పుడు కొండ విరిగిపడి దారి మూసేశారన్నావు. ఇప్పుడు కొండే కనిపించదంటున్నావు. నీకూ నాకూ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడుతుంది, అందులో నీ తప్పు ఎప్పుడూ ఉండదు. ఏడేళ్ళుగా ఈ మాట రాయకూడదనుకున్నాను. రాసేశాక కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. మీ బావకి చూపించలేదు, చూపిస్తే ఈ ఉత్తరం పోస్టు డబ్బా దాకా వెళ్ళదు.

కొలతలు అడిగి మూడు నెలలవుతోంది. మాటలెలా ఉన్నా కోటు మాత్రం కుడతాను, పంపు.

అక్క


జూన్ 10

అక్కా,

నువ్వడిగిన కొలతలు. ఛాతీ ముప్పైన్నర. భుజం పన్నెండు ముప్పావు. చేతి పొడవు పందొమ్మిది. అమ్మ టేపుతో తీశాను. ఒక్కదాన్నే తీసుకున్నాను కాబట్టి భుజం దగ్గర కాస్త అటూఇటూ ఉండొచ్చు.

తక్కినదానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపేశాను.

వానలు మొదలయ్యాయి. గేటు స్తంభం కూడా కనిపించడం లేదు.

సూది


జూన్ 18

సూదీ,

ఏం జబ్బు? ఎప్పటి నుంచి? డాక్టరుకి చూపించుకున్నావా?

నీ కాగితం పక్కన కొలతల పుస్తకంలో నీ పేజీ పెట్టి చూశాను. ఛాతీ దగ్గర రెండున్నర అంగుళాలు పోయింది. భుజం అంగుళం పావు. అసలే సన్నటి మనిషివి, భుజం కూడా అంత తగ్గిందంటే ఎంత చిక్కిపోయావో నాకు ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. ఇంతమంది ఒళ్ళు కొలిచాను, ఇలా తగ్గినవాళ్ళు ఒకరిద్దరే, వాళ్ళెవరూ తర్వాత కోటు కోసం రాలేదు. ఇందుకేనా రావద్దు రావద్దని నెలలు జరుపుతున్నావు? నేనేమో మే నెలలో నీకు అలాంటి ఉత్తరం రాశాను. నా చేతులు విరిగిపోనూ.

ఆ కొలతలకే కోటు కత్తిరించి మూడు రోజుల్లో కుట్టేశాను. మా షాపులో ఎవరూ నాతో మాట్లాడలేదు, మాట్లాడితే నేను ఏడుస్తానని వాళ్ళకి తెలిసిపోయింది. ఓనర్ని సెలవు అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. మీ బావకి ఈ వారం సెలవు లేదు. నిన్న కిటికీలోంచి నాకు టిక్కెట్టు ఇచ్చి, నా వెనక వరసలో జనం ఉన్నా, కాసేపు నా చెయ్యి వదల్లేదు. మీ ఆఫీసుకి ఆయనే ఫోన్ చేసి బస్సు వేళ చెబుతారు.

ఎల్లుండి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో, అయినా రాయకుండా ఉండలేకపోయాను. కొండ కనిపించకపోతే మానె.

అక్క


జులై 1

సూదీ,

క్షేమంగా చేరాను. మీ బావ బస్టాండులోనే పట్టుకుని, ఏమేం చూశావని అడిగారు. సరస్సు ఒడ్డున నిలబడ్డాను, నీళ్ళు కనిపించలేదు, పడవ గంట వినిపించింది అన్నాను. తోటలో పూలు ముట్టుకుని చూశాను. గడియారం స్తంభానికి చెయ్యి ఆనించి టైము నిన్ను అడిగాను. ఆయన మన ఫొటో అడిగి తీసుకున్నారు, వ్యూపాయింటు బోర్డు పక్కన మనిద్దరం, వెనకంతా తెలుపు. దాన్ని బుకింగ్ బల్ల మీద అద్దం కింద పెట్టి, టిక్కెట్టు కొన్న ప్రతివాళ్ళకీ ఆ వెనక మంచుకొండ ఉందని చెబుతున్నారు.

నా వైపు నుంచి ఎలా జరిగిందో నీకు చెప్పనేలేదు. ఘాటు రోడ్డు మీద ఒక చోట కండక్టరు దిగి బస్సు ముందు నడుస్తూ దారి చూపించాడు. నేను దారంతా నిన్ను మంచం మీదే ఊహించుకుంటూ వచ్చాను. బస్సు దిగితే అంతా తెలుపే. "అక్కా" అన్న మాట రెండడుగుల దూరంలో వినిపించింది, మనిషి కనిపించలేదు. చేతులు చాస్తే నీ భుజాలు తగిలాయి. భుజాలు పట్టుకుని కొలత చెప్పగల చేతులు ఇవి. పద్నాలుగుకి ఒక నూలు కూడా తగ్గదు. అప్పుడు కదా నీ బుగ్గలు చూశాను. సూది అన్న పేరు ఇక మార్చాలి. ఎనిమిదేళ్ళ తర్వాత కలిసిన అక్క ముందు నీ ఒళ్ళంతా తడిమి, తర్వాత నిన్ను తిట్టిందని నువ్వు జీవితాంతం చెప్పుకుంటావు.

ఆ కోటు గుర్తొస్తే బస్సులో కూడా నవ్వొచ్చింది. మోచేతుల దగ్గరే ఇరుక్కుని నువ్వు అటూ ఇటూ తిరుగుతుంటే మీ పెద్దాయన తలుపులో నిలబడి, ఈ కోటు ఎవరి పిల్లకి అన్నాడు. అమ్మ టేపు తెచ్చి నా టేపు పక్కన పరిస్తే కదా సంగతి తెలిసింది. అయిదడుగుల టేపు అయిదున్నర అడుగులైంది. తొమ్మిదేళ్ళు తాళాల గుత్తి మోసి, తడి తాగి, ఒక్కో అంగుళమూ సాగిపోయి, ఉన్నదాని కంటే తక్కువ చెబుతూ కూర్చుంది. అర డిగ్రీకి రీడింగు మళ్ళీ తీసే మనిషివి, ఆ టేపుని ఎలా నమ్మావని అడిగితే, అమ్మది కదా అన్నావు. నిన్ను అనడానికి నాకేం నోరుంది? చేతి పొడవు పందొమ్మిదని రాశావు. మనిషి ఎంత చిక్కినా ఎముక పొట్టిదవుతుందా? నిన్నా మొన్నా కత్తెర పట్టినవాళ్ళకైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. ఆ కాగితం నేను కళ్ళతో చదవలేదు, భయంతో చదివాను.

మూడో రోజు పొద్దున్న సంగతి కూడా రాయాలి. నువ్వు స్టవ్వు దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి, పాలు పొంగుతున్నా దించకుండా చెప్పావు.

"దారి నాలుగు రోజులే మూశారక్కా. ఐదో రోజు తెరిచారు. నేనే బస్సెక్కలేదు. అంతా అయిపోయాక నీకు మొహం చూపించలేకపోయాను."

"నాకు తెలుసు. ఐదో రోజు మొదటి బస్సు దగ్గర నేను నిలబడే ఉన్నాను. దిగినవాళ్ళందరినీ చూశాను."

నువ్వు ఏడుస్తున్నావు, పాలు మాడిపోతున్నాయి. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను. ఆరో రోజు కూడా వెళ్ళాను. ఆ తర్వాత కూడా వెళ్ళాను. మీ బావకి క్యారేజీ తీసుకెళ్ళడం అప్పుడే మొదలైంది. అంతకు ముందు ఆయన పొద్దున్నే పట్టుకెళ్ళేవారు. షాపులో భోజనం గంట కొట్టగానే బయలుదేరి, ఒంటిగంటకి అక్కడుంటాను. మీ ఊరి బస్సు ఒంటిగంటకి వస్తుంది. దిగేవాళ్ళని ఆఖరి మనిషి దాకా చూసి షాపుకి తిరిగొస్తాను. ఏడేళ్ళలో ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు. రోజూ కూర బాగుందని మాత్రం చెబుతారు.

నువ్వు రాలేదని కోపం ఉండేది. అది ఎప్పుడో పోయింది. నిన్ను చూడాలని మాత్రం ఎప్పుడూ పోలేదు. మంచుకొండ చూసే సరదా మీ బావకి నిజంగానే ఉంది, నాకు లేదు. ఈ మాట ఫిబ్రవరిలోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కోటు తెచ్చేశాను. కుట్టు లోపల గుడ్డ ఎప్పుడూ ఎక్కువే వదులుతాను, ఛాతీ సరిపోతుంది. చేతులు మాత్రం కొత్తగా వెయ్యాలి.

అక్క


జులై 12

అక్కా,

నీ ఉత్తరం ఈసారి లోపల కూర్చుని, థర్మామీటర్లకి దూరంగా చదివాను. క్యారేజీ సంగతి ఉన్న కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. ఏడేళ్ళ పాటు రోజూ ఒంటిగంటకి నేనిక్కడ అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఉండేదాన్ని. ఒక్కరోజు ఆ బస్సెక్కి ఉంటే అయిపోయేది కదా అని ఆలోచించి ఆలోచించి తల నొప్పెట్టింది. నవంబరు అనడం కూడా మబ్బుల కోసం కాదు. నువ్వు ఎదురుగా కూర్చుని ఆ ఐదో రోజు గురించి అడుగుతావని భయపడ్డాను. ఉత్తరాల్లో ఆ భయాన్ని ఏ నెలకి ఆ నెల వాతావరణం కింద రాసేశాను.

నువ్వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న మబ్బు విడిపోయి మంచుకొండ ఇరవై నిమిషాలు కనిపించింది. వానాకాలంలో అలా కనిపించడం రిజిస్టరులో మూడుసార్లే ఉంది. నువ్వుండాల్సింది అనిపించి, నలభై కిలోమీటర్లని రాసి లోపలికి వచ్చేశాను. వెనక్కి తిప్పి చూస్తే, నువ్వున్న ఐదు రోజులకీ ఒకటే ఉంది, "ఇరవై మీటర్ల లోపు". ఆ ఐదు రోజులూ నువ్వు ఆ ఇరవై మీటర్లలోనే ఉన్నావు. తొమ్మిదేళ్ళలో నేను ఇంత బాగా చూసిన వారం ఇంకొకటి లేదు.

తాళాల గుత్తి ఇప్పుడు ఇనుప తీగకి కట్టాను. టేపు చుట్టి పెట్టెలో పెట్టాను, దేన్నీ కొలవడానికి కాదు.

సెలవు చీటీ పెట్టాను. అక్టోబరు రెండో వారం, ఏడు రోజులు. పెద్దాయన వచ్చి నా బదులు రీడింగులు తీస్తాడు. ఏడాది మొత్తంలో కొండ బాగా కనిపించే వారం వదిలి వెళ్తావా, మతి ఉండే చేస్తున్నావా అన్నాడు. దాన్ని మీకే వదిలేస్తున్నాను, చక్కగా చూడండి అని చెప్పాను. బావగారికి చెప్పు, ఆయన ఫొటో వచ్చే ఏడు నేనే దగ్గరుండి తీయిస్తాను, కొండ కనిపించినా కనిపించకపోయినా.

కోటు చేతులు అప్పటిదాకా వెయ్యకు. కొలతలు నువ్వే తీసుకో.

అక్టోబరు ఎనిమిదిన బయలుదేరుతున్నాను. వేళ ప్రత్యేకంగా రాయక్కర్లేదు. నువ్వెలాగూ క్యారేజీ పట్టుకుని వస్తావు.

సూది